పాట ఎవరిది, చానెల్ ఎవరిది: సంగీత చానెళ్ల నేపథ్యం

2025 డిసెంబరు 31న బ్రిటన్‌లో ఎంటీవీ మ్యూజిక్, ఎంటీవీ 80స్, ఎంటీవీ 90స్, క్లబ్ ఎంటీవీ, ఎంటీవీ లైవ్ అనే ఐదు చానెళ్ల ప్రసారాలు ఆగిపోయాయి. రోజంతా పాటల వీడియోలే వేసే చానెల్ అనే ఆలోచనను ప్రపంచమంతటికీ అలవాటు చేసిన సంస్థే ఆ పని నుంచి తప్పుకోవడం మొదలుపెట్టిందన్న మాట. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు ఇది ఎక్కడో దూరాన జరిగిన సంగతిగా కనిపించవచ్చు. అయితే అక్కడ ఆ చానెళ్లు మూతపడటానికీ, ఇక్కడ మన ఇళ్లలో పాటల చానెల్ పెట్టుకునే అలవాటు తగ్గిపోవడానికీ మూలకారణం ఒక్కటే. దాన్ని ప్రేక్షకుల అభిరుచిలో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం పాట ఎవరి సొమ్ము, దాన్ని తెరమీదికి ఎవరు ఊరికే ఇచ్చారు, ఎప్పటిదాకా ఇచ్చారు అన్న లెక్కల్లో ఉంది.

అమెరికాలో 1981 ఆగస్టు 1న, అర్ధరాత్రి దాటిన తొలి నిమిషంలో ఎంటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. వార్నర్ కమ్యూనికేషన్స్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కలిసి పెట్టిన కంపెనీ దాన్ని నడిపింది. ఏ టీవీ చానెల్‌కైనా పెద్ద ఖర్చు కార్యక్రమాల తయారీయే. ఎంటీవీకి మొదట్లో ఆ ఖర్చు దాదాపు లేదు. రికార్డు కంపెనీలు తమ గాయకుల పాటలకు సొంత డబ్బుతో వీడియోలు తీయించి, వాటిని చూసిన జనం దుకాణానికి వెళ్లి రికార్డు కొంటారన్న నమ్మకంతో చానెల్‌కు ఊరికే ఇచ్చేవి. అంటే అవతలివారి ప్రకటనే ఇవతలివారికి కార్యక్రమమైంది. ఈ ఏర్పాటు ఎంత లాభసాటిదో, అంత పరాధీనమైనది కూడా. 1984లో ఎంటీవీ కొన్ని పెద్ద రికార్డు కంపెనీలకు డబ్బు చెల్లించి, కొత్త వీడియోలు ముందుగా తనకే దక్కేలా ఒప్పందాలు చేసుకుంది. ఊరికే వచ్చిన పాటకు మూడేళ్లకే ధర పలికింది.

ఆ తొలి ఏళ్లలోనే రెండు పాఠాలు కనిపిస్తాయి. మొదటిది కేబుల్ ఆపరేటర్ గురించి. చాలా ఊళ్లలో ఆపరేటర్లు ఈ చానెల్ ఇవ్వకపోవడంతో, 1982లో ప్రసిద్ధ గాయకుల చేత ప్రకటనలు చేయించి, ‘నాకు నా ఎంటీవీ కావాలి’ అని ఆపరేటర్లకు ఫోన్లు చేయమని ప్రేక్షకులనే పురమాయించారు. రెండవది ఎవరి పాటకు తెర దొరుకుతుందన్న ప్రశ్న. నల్లజాతి కళాకారుల వీడియోలు అంత తక్కువగా ఎందుకు వేస్తున్నారని 1983లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌయీ ఆ చానెల్ ఇంటర్వ్యూలోనే నిలదీశాడు. మైకేల్ జాక్సన్ పాటలు ఆ తెరమీద విరివిగా కనిపించడం కూడా ఆ ఏడాదే మొదలైంది. 1985లో వయాకామ్ సంస్థ చేతికి వెళ్లాక చానెల్ ఖండాలు దాటింది. 1992 నుంచి రియాలిటీ కార్యక్రమాల వైపు మళ్లింది. పాట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, తరువాతి పాట నచ్చకపోతే ప్రేక్షకుడు చానెల్ మారుస్తాడు. కథ ఉన్న కార్యక్రమమైతే అరగంటైనా కూర్చోబెడుతుంది. ప్రకటనలు అమ్ముకునేవారికి ఆ అరగంటే ముఖ్యం.

ఆసియాకు ఈ చానెల్ 1991లో, హాంకాంగ్ నుంచి నడిచే స్టార్ టీవీతో పాటు ఏషియాశాట్-1 ఉపగ్రహం ద్వారా వచ్చింది. మూడేళ్లలో పొత్తు చెడింది. 1994లో స్టార్ సొంతంగా ‘చానెల్ వీ’ని ప్రారంభించింది, 1996లో ఎంటీవీ ఇండియా విడిగా వచ్చింది. రెండూ మొదట పాశ్చాత్య సంగీతం మీద ఆశపెట్టుకుని, చివరికి హిందీ సినిమా పాటనే ఆశ్రయించాయి. తొంభైలలో ఇండీపాప్ అనే ప్రైవేటు ఆల్బమ్‌ల ఊపు కొన్నేళ్లు సాగినా, ఈ దేశంలో వీడియోకు డబ్బు పెట్టేది రికార్డు కంపెనీ కాదు, సినిమా నిర్మాత. అమెరికా నమూనా ఇక్కడ అలాగే నిలబడకపోవడానికి నా దృష్టిలో ఇదే ప్రధాన కారణం.

మన జిల్లాల్లో తెరమీద పాట చూసే అలవాటు ఈ చానెళ్లకంటే పాతది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. మద్రాసు కేంద్రం అంతకు రెండేళ్ల ముందు, 1975 ఆగస్టు 15నే మొదలైంది. తడ, సూళ్లూరుపేట ప్రాంతాలకు హైదరాబాదు కంటే మద్రాసు ఎంతో దగ్గర. అందుకే ఆ వైపు మిద్దెల మీద ఏంటెనాలు మద్రాసు దిక్కుకు తిరిగి ఉండేవి. శుక్రవారం సాయంత్రం తమిళంలో ‘ఒలియుం ఒళియుం’, తెలుగులో ‘చిత్రలహరి’ వచ్చేవి. వారానికి కొద్ది నిమిషాలు, లెక్కపెట్టినట్టు కొన్ని పాటలు. కావలసినది ఎంచుకునే వీలు లేదు. పాటలు ఏరే పని దూరదర్శన్ ఉద్యోగులది. ఆ కరువు తెలియకపోతే, తరువాత ఇరవైనాలుగు గంటల పాటల చానెల్ వచ్చినప్పుడు జనం ఎందుకంత సంబరపడ్డారో అర్థం కాదు.

కేబుల్ టీవీ తొంభైల ఆరంభంలో వచ్చింది. నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు వంటి ఊళ్లలో ఆపరేటర్లు డిష్‌లు పెట్టి, మిద్దెల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగారు. ఏ చానెల్ ఇవ్వాలో, ఏది ఏ నంబరులో పెట్టాలో నిర్ణయించింది వారే. పైగా వీసీఆర్ మీద క్యాసెట్లు వేసి సొంత లోకల్ చానెల్ కూడా నడిపేవారు. పండుగ రోజుల్లో ఊళ్లో దుకాణాల ప్రకటనల మధ్య సినిమా పాటలు వచ్చేది అందులోనే. ఒక రకంగా మన తొలి పాటల చానెల్ అదే. కేబుల్ ఆపరేటర్లు నమోదు చేయించుకోవాలన్న చట్టం 1995లో వచ్చింది. పాటల హక్కుల విషయం మాత్రం ఆ స్థాయిలో చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు.

1993 ఏప్రిల్‌లో తమిళ సన్ టీవీ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఫోను చేసి పాట అడిగే కార్యక్రమాలు ఇంటింటా అలవాటయ్యాయి. యాంకర్‌తో మాట్లాడే అర నిమిషంలో ఊరు పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పి, ఫలానా పాట ఫలానావారికి అంకితం అనడం ఆనాటి ప్రేక్షకుడికి గౌరవంగా ఉండేది. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో ఒక గొంతు రాష్ట్రమంతటా వినపడటం చిన్న విషయం కాదు. ఇదే కాలంలో, 1996లో, ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. నెల్లూరుతో విడదీయరాని అనుబంధం ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం దాన్ని నడిపారు. అక్కడ పాట సినిమా ముక్కగా కాక సాహిత్యం, రాగం, ఉచ్చారణ విప్పిచెప్పే విషయంగా వచ్చింది. తెలుగు టీవీలో సంగీతానికి జరిగిన గొప్ప మేలు ఏ పాటల చానెల్ వల్లనో కాక ఆ కార్యక్రమం వల్ల జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

2001లో చెన్నై నుంచి ఎస్ఎస్ మ్యూజిక్ వచ్చింది. దక్షిణాది భాషల పాటలను కలిపి వేసిన ఆ చానెల్‌లో వీజేలు (పాటలను పరిచయం చేసే యాంకర్లు) ఎక్కువగా ఇంగ్లీషులో మాట్లాడేవారు. తమిళ పాట చెవికి కొత్త కాని నెల్లూరు దక్షిణ ప్రాంతానికి ఆ కలగలుపు వింతగా తోచలేదు. 2004లో సన్ మ్యూజిక్, ఆ దశకంలోనే జెమిని మ్యూజిక్, మా మ్యూజిక్ వచ్చాక తెలుగు పాటకు సొంత చానెళ్లు ఏర్పడ్డాయి. తెర కింద ఎస్ఎంఎస్‌లు పరుగులు తీసేవి, పైన పాట నడిచేది.

ఈ తెలుగు చానెళ్ల ఆర్థికం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెలుగు సినిమా పాటలో కనీసం రెండు హక్కులు విడివిడిగా ఉంటాయి. వినిపించే పాట ఆడియో కంపెనీది, కనిపించే దృశ్యం నిర్మాతదీ, అతని దగ్గర శాటిలైట్ హక్కులు (టీవీలో ప్రసారం చేసే హక్కులు) కొన్న చానెల్‌దీ. విడుదలకు ముందు నిర్మాతే ప్రచారం కోసం పాటల ముక్కలను అన్ని చానెళ్లకూ పంపేవాడు. నెల్లూరును విడి ఏరియాగా చూసే సినిమా పంపిణీదారులకు ఈ పాటలే తొలి వారం హాలు నింపే సాధనం. విడుదలయ్యాక సినిమా ఏ నెట్‌వర్క్‌కు అమ్ముడైతే పాటలు ఎక్కువగా ఆ నెట్‌వర్క్ పాటల చానెల్‌లోనే కనిపించేవి. ఒకే హీరో పాటల కోసం ప్రేక్షకుడు రెండు మూడు చానెళ్లు తిప్పవలసి రావడానికి కారణం ఇదే. ఏతావాతా మన పాటల చానెల్ ఎప్పుడూ సినిమా వ్యాపారానికి అనుబంధంగానే ఉండిపోయింది. సినిమాకు సంబంధం లేని పాట రాసుకుని పాడుకున్నవారికి అందులో చోటు దొరకడం అరుదు.

చానెళ్లు ఇంటికి చేరే దారి కూడా ఈలోగా మారింది. ఆ మార్పులో ఒక అంకం అప్పటి నెల్లూరు జిల్లాలోనే జరిగింది. శ్రీహరికోట నుంచి 2006 జూలై 10న ప్రయోగించిన ఇన్‌శాట్-4సి బంగాళాఖాతంలో పడిపోయింది. దాని స్థానంలో 2007 సెప్టెంబరు 2న అక్కడినుంచే ఇన్‌శాట్-4సిఆర్ కక్ష్యకు చేరింది. అందులోని 12 కేయూ-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు (సంకేతాలు అందుకుని తిరిగి భూమికి పంపే పరికరాలు) నేరుగా ఇంటి డిష్‌కు ప్రసారాలు చేసే డీటీహెచ్ సేవలకు ఉద్దేశించినవి. డిష్ పెట్టుకున్న ఇంటికి ఆపరేటర్ అనుమతితో పని లేకపోయింది. తరువాత కేబుల్ కూడా డిజిటల్ అయింది, సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు రూ.149 మొదలుగా టీవీ, ఇంటర్నెట్ ఒకే తీగ మీద ఇస్తామని వచ్చింది. 2019లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమలయ్యాక, డబ్బు కట్టి చూసే పే చానెల్ దేనికైనా ధర ప్రకటించవలసి వచ్చింది. అంతకుముందు గుంపులో కలిసి వచ్చిన పాటల చానెల్‌కు, ఇది మనకు కావాలా అన్న ప్రశ్న అప్పుడే మొదటిసారి ఇంటి యజమాని నుంచి ఎదురైంది.

అసలు దెబ్బ మాత్రం ఇంకో వైపు నుంచి తగిలింది. 2008లో భారతదేశపు యూట్యూబ్ మొదలైంది, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయింది. ఆడియో కంపెనీ తన పాటను తన ఖాతాలోనే పెట్టుకుని, ప్రతి వీక్షణకూ ప్రకటనల ఆదాయంలో వాటా నేరుగా తీసుకోగలిగింది. పాటకు డబ్బిచ్చే తెర ఎదురుగా ఉండగా, ఊరికే ప్రచారం చేసే తెర కోసం చూడవలసిన పని ఆ కంపెనీకి లేదు. షూటింగు పూర్తి కాకముందే అక్షరాలు కదిలే లిరికల్ వీడియోలు రావడం ఈ లెక్కవల్లనే. చానెల్ వీ భారతదేశంలో 2018లో మూతపడింది. 2024 నవంబరులో స్టార్, ఎంటీవీ ఇండియాను నడిపిన వయాకామ్18 వ్యాపారాలు కలిసి జియోస్టార్ ఏర్పడటంతో, 1994లో విడిపోయిన రెండు శాఖల వారసత్వమూ, 2017లో స్టార్ మా మ్యూజిక్‌గా పేరు మారిన మన మా మ్యూజిక్‌తో సహా, ఒకే గొడుగు కిందికి వచ్చింది.

ఇంత వ్యాపారంలో పాట రాసినవారికీ, కట్టినవారికీ దక్కినది ఏమిటన్నది నెల్లూరువారిగా మనం తప్పక అడగవలసిన ప్రశ్న. ఆచార్య ఆత్రేయ సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడువారు, వెన్నెలకంటి నెల్లూరువారు. ఒకసారి పారితోషికం ఇచ్చి పాట మీది సర్వహక్కులూ రాయించుకునే ఆనవాయితీ దశాబ్దాలు సాగింది. 2012 కాపీరైటు సవరణ వచ్చాకే రచయితకు, స్వరకర్తకు పాట వాడకంలో సమాన రాయల్టీ వాటా ఉంటుందనీ, దాన్ని ముందుగా వదులుకునేలా రాయించుకోవడం చెల్లదనీ చట్టం చెప్పింది. అదే సవరణతో వచ్చిన 31డి సెక్షన్ ప్రకారం రేడియో, టీవీ సంస్థలు నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రుసుము కట్టి పాటను ప్రసారం చేయవచ్చు. ఈ సౌకర్యం ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు వర్తించదని 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి టీవీలో పాటకు బహిరంగంగా ధర నిర్ణయించే మార్గం చట్టంలో ఉంది. ఇప్పుడు జనం పాట చూస్తున్న ఫోనులో మాత్రం అది కంపెనీల మధ్య జరిగే ఒప్పందం. 1989లో కన్నుమూసిన ఆత్రేయ మాటలకు మన చట్టం ప్రకారం 2049 చివరిదాకా కాపీరైటు ఉంటుంది.