మట్టి పలక చెప్పిన మూడుంపావు గంటలు

భూమి తిరిగే వేగం తగ్గుతోందంటారు, సరే. రెండు వేల ఏళ్ల కిందట రోజు ఎంత పొడుగుండేదో ఎవరు కొలిచి పెట్టారు? ఇది తరచూ వచ్చే ప్రశ్న, చాలా మంచి ప్రశ్న. కొలిచినవాళ్లు ఉన్నారు. పచ్చి మట్టి పలక మీద రెల్లు పుల్లతో నొక్కి రాసి పెట్టారు కూడా. తాము రాస్తున్నది రోజు పొడుగు లెక్కకు పనికొస్తుందని మాత్రం వాళ్లకు తెలియదు.

పలక బాబిలోన్‌ది, అంటే నేటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన నగరానిది. తేదీ, అప్పట్లో అక్కడ లెక్కపెట్టిన సెల్యూకస్ శకం ప్రకారం, 175వ ఏడు, పన్నెండో నెల తర్వాత వేసుకున్న అధికమాసం, 29వ రోజు. మన లెక్కలో క్రీ.పూ. 136 ఏప్రిల్ 15. సూర్యుడు పొడిచిన 24 ‘ఉష్’లకు గ్రహణం పట్టింది. నైరుతి వైపు మొదలై 18 ఉష్‌లలో సంపూర్ణమైంది. శుక్రుడు, బుధుడు, నక్షత్రాలు కనిపించాయి. మూఢంలో ఉన్న, అంటే సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి మామూలుగా కనిపించని, గురుడు, కుజుడు కూడా కనిపించారు. రోజుకు 360 ఉష్‌లు, అంటే ఒక్కోటి 4 నిమిషాలు. సూర్యోదయమైన 96 నిమిషాలకు పట్టు, ఆ తర్వాత 72 నిమిషాలకు సంపూర్ణం.

ఇప్పుడు చంద్రుడి కక్ష్య లెక్కలను ఆ రోజుకు వెనక్కి నడిపిద్దాం. భూమి ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగిందనుకుంటే నీడ బాబిలోన్ మీద పడదు. దాదాపు 49 డిగ్రీలు పడమరకు పోతుంది. బాబిలోన్ అక్షాంశం వెంట అన్ని డిగ్రీలు వెళ్తే మొరాకో వస్తుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 240 సెకన్లు కాబట్టి తేడా సుమారు 11,700 సెకన్లు, మూడుంపావు గంటలు.

రోజుకు మిల్లీసెకన్లలో ఉండే తేడా గంటలెలా అయిందో కాగితం మీద చేసి చూడండి. రోజు నిడివి శతాబ్దానికి సుమారు 1.78 మిల్లీసెకన్లు పెరుగుతోంది. సరిగ్గా 86,400 సెకన్ల రోజు 1820 ప్రాంతానిది. అక్కణ్నుంచి వెనక్కి 1,955 ఏళ్లు పోతే రోజు 35 మిల్లీసెకన్లు తక్కువ. మొత్తం కాలానికి సగటు తీస్తే 17.4. రోజుల సంఖ్య సుమారు 7,14,000. గుణిస్తే 12,400 సెకన్లు వస్తుంది. పలక ఒప్పుకునే విలువ సుమారు 11,200కూ 12,100కూ మధ్య. కాస్త తప్పింది కదా! భూమి సమానంగా మందగించదు. లోపలి ద్రవ గర్భానికీ పై పొరకూ మధ్య వేగం చేతులు మారుతుంటుంది, అందుకే రోజు నిడివి పెరిగే రేఖ వంకరలు పోతుంది.

ఆ 1.78 వెనక ఇంకో లెక్క ఉంది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని 1969లో అపోలో 11 వదిలిన అద్దాల మీద లేజర్ కొట్టి కొలుస్తున్నారు. దాన్నిబట్టి సముద్రపు పోటు ఒరిపిడి ఒక్కటే శతాబ్దానికి 2.3 మిల్లీసెకన్లు పెంచాలి. మిగతాది ఏమైంది? మంచుయుగపు హిమం కరిగాక కెనడా, స్కాండినేవియాల కింద నేల ఇంకా పైకి లేస్తోంది. భూమి కాస్త గుండ్రబడుతోంది, దాంతో కొంత వేగం పుంజుకుంటోంది. పరిశోధకులు ఎఫ్. రిచర్డ్ స్టీఫెన్సన్, లెస్లీ మారిసన్, వారి సహచరులు క్రీ.పూ. 720 నుంచి 2015 వరకు గ్రహణాల నమోదులను కూర్చి 2016లో ఈ లెక్క ప్రచురించారు.

ఇందులో అసలు అందం ఎక్కడుందంటే, ఈ పనిలో అంకె కంటే మాట ఎక్కువ కచ్చితమైనది. ఉష్‌లు కొలిచే పరికరం ఒక్క ఉష్ తప్పితే 240 సెకన్లు గల్లంతు. ‘సంపూర్ణం’ అన్న మాటకు గడియారంతో పని లేదు. నీడ పట్టీ వెడల్పు వంద, రెండు వందల కిలోమీటర్లే. ఊరు తెలిసి, ఆ మాట నిజమైతే భూమి ఎంత తిరిగి ఉండాలో బిగుసుకుపోతుంది. పట్టపగలు చుక్కలు, మూఢంలోని గ్రహాలు కనిపించాయన్న వాక్యం ఆ మాటకు సాక్ష్యం.

కాబట్టి మాటను సరిగ్గా చదవాలి, అది భాష తెలిసినవాళ్ల పని. క్రీ.పూ. 709లో చైనాలోని లూ రాజ్యపు నమోదులో గ్రహణం మాట పక్కన ‘జీ’ అన్న ఒక్క అక్షరం ఉంది. అక్కడ దాని అర్థం ‘పూర్తిగా’. వేరేచోట అదే అక్షరానికి ‘ఇదివరకే’ అని అర్థం. గ్రీకు కవి ఆర్కిలోకస్ మధ్యాహ్నం రాత్రైపోయిందని రాశాడు. దాన్ని మామూలుగా క్రీ.పూ. 648 గ్రహణానికి ముడిపెడతారు. కానీ ఆయన అప్పుడు పారోస్ దీవిలో ఉన్నాడా, థాసోస్ దీవిలో ఉన్నాడా తేలదు. ఊరు తేలకపోతే అంత చక్కని పద్యమూ లెక్కకు అక్కరకు రాదు. బాబిలోన్ పలకలు తెరుచుకున్నది కూడా జోడుగా పని చేయబట్టే. 1880లలో ఆ ప్రాచీన లిపి తెలిసిన స్ట్రాస్‌మయర్ పలకల మీది రాతను నకలు తీసి పంపితే, ఖగోళం తెలిసిన ఎపింగ్ అంకెలను విప్పాడు.

బాబిలోన్ ఉన్న మెసపొటేమియాలో ఆకాశం మీద ఇంత కాపలా ఎందుకు పెట్టారంటే, గ్రహణం రాజుకు కీడని నమ్మారు. అక్కడి అసిరియా రాజ్యంలో కీడు రాజుకు తగలకుండా బదులు రాజును వంద రోజుల దాకా సింహాసనం మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత చంపేవారు. ఆ నమ్మకం శుద్ధ అబద్ధం, ప్రాణాలు తీసిన అబద్ధం. దాని కోసం అలవడిన నమోదు క్రమశిక్షణ మాత్రం నిక్కమైనది. గ్రహణం రోజు తలుపులు మూసుకునేవాళ్లకు ఇది చెప్పాలి: ఆనాటి లేఖకుడు బయటే నిలబడి లెక్కపెట్టాడు.

బడిలో ఈ పాఠాన్ని చరిత్ర, ఫిజిక్స్ ఉపాధ్యాయులు ఒకే గదిలో చెప్పవచ్చు. పలక అనువాదం ఇచ్చి, మాటల్లోంచి ఊరు, తేదీ, వేళ పిల్లలనే ఏరమనాలి. తర్వాత గ్రహణ సాఫ్ట్‌వేర్‌లో భూభ్రమణ సవరణను సున్నా చేసి ఒకసారి, 11,700 సెకన్లు పెట్టి ఇంకోసారి నీడను గీయించాలి. ఎక్కువగా తప్పు జరిగేది సంవత్సరం దగ్గర. చరిత్రకారుల లెక్కలో సున్నా సంవత్సరం లేదు, ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలో ఉంది. క్రీ.పూ. 136 అంటే సాఫ్ట్‌వేర్‌కు −135. −136 అని కొడితే ఏడాది వెనక్కి పోతారు, ఆ ఏప్రిల్ 15న అమావాస్యే ఉండదు.