జెర్సీ మీద పేరు పడితే బండి అమ్ముడవుతుందా? టూవీలర్ స్పాన్సర్‌షిప్‌పై అపోహలు - వాస్తవాలు

టూవీలర్ మార్కెటింగ్‌లో ఉన్నవాళ్ల టేబుల్ మీదకి ఏటా రెండుసార్లు ప్రపోజళ్లు వచ్చి పడతాయి. ఐపీఎల్ ముందు ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి. మొదటివి కోట్లలో ఉంటాయి, రెండోవి వేలల్లో. రెండు రకాలూ చూసే ఉద్యోగం నాది. అంకెలు ఎంత వేరైనా డబ్బు వృథా అయ్యే తీరు మాత్రం ఒకటే. స్పాన్సర్‌షిప్ హక్కులు, అంటే ఆటతో మన పేరు కలుపుకునే హక్కులు, కొన్నాం కాబట్టి పని అయిపోయింది అనుకుంటారు. ఆట మనకు జనాన్ని చూపిస్తుంది. ఆ జనాన్ని బండి దాకా నడిపించుకు రావాల్సింది మనమే. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు, డీలర్లు నన్ను తరచూ అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎక్కువమంది చూసే ఆట అయితే ఎక్కువ లాభం.

చూసేవాళ్ల సంఖ్య కంటే ముందు అడగాల్సింది, ఈ ఏడాది మన కంపెనీకి ఏ పని జరగాలి అని. హీరో సంగతే చూడండి. 2010 చివర్లో హోండాతో విడిపోతున్నట్టు ప్రకటించింది, 2011లో హీరో మోటోకార్ప్‌గా మారింది. ఆ తర్వాత 2014 నుంచి టైగర్ వుడ్స్ ఆతిథ్యమిచ్చే గోల్ఫ్ టోర్నీకి పేరు పెట్టుకుంది, 2015లో వెస్టిండీస్ క్రికెట్ టోర్నీ కరీబియన్ ప్రీమియర్ లీగ్‌కు టైటిల్ స్పాన్సర్ (టోర్నీ పేరు ముందు తన పేరు ఉండే స్పాన్సర్) అయింది. గోల్ఫ్ చూసేవాడు స్ప్లెండర్ కొంటాడా అని అప్పట్లో చాలామంది అడిగారు. కొనడు. కానీ హోండా పేరు పక్కన లేకుండా విదేశాల్లో తన పేరు నిలబెట్టుకోవాల్సిన కంపెనీకి, అక్కడి డిస్ట్రిబ్యూటర్లతో, బ్యాంకులతో కూర్చుని మాట్లాడాల్సిన కంపెనీకి ఆ ఖర్చులో అర్థం ఉందనేది నా అభిప్రాయం. అదే డబ్బు వరంగల్‌లో 125 సీసీ బండి అమ్మడానికి పెడితే దండగ. పని ఏమిటో తేలకుండా ఆటను ఎంచుకుంటే, ఏడాది చివర లాభమో నష్టమో చెప్పడానికి కూడా వీలుండదు.

అపోహ: టైటిల్ స్పాన్సర్ అయితే జనం నోట్లో మన పేరే నానుతుంది.

కొన్నిసార్లు నిజమే. 1993లో ఈడెన్ గార్డెన్స్‌లో ఫైనల్ జరిగిన టోర్నీని నేటికీ అందరూ హీరో కప్ అనే అంటారు. సెమీస్‌లో సచిన్ వేసిన చివరి ఓవర్, ఫైనల్లో 12 పరుగులకే ఆరు వికెట్లు తీసిన కుంబ్లే గుర్తొచ్చినప్పుడల్లా ఆ పేరూ గుర్తొస్తుంది. అది బెంగాల్ క్రికెట్ సంఘం జూబ్లీ టోర్నీ. ఆ పేరు పలికేవాళ్లు లేరు, కాబట్టి స్పాన్సర్ పేరే టోర్నీ పేరైపోయింది. ఐపీఎల్‌కి డీఎల్ఎఫ్, పెప్సీ, వివో, డ్రీమ్11, టాటా అంటూ వరసగా పేర్లు మారాయి, జనం మాత్రం ఐపీఎల్ అనే అన్నారు. 2021-22లో ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన కప్పు పూర్తి పేరు హీరో ఇండియన్ సూపర్ లీగ్. అభిమానుల నోట అది ఐఎస్ఎల్. అప్పటికే పలకడానికి తేలికైన పేరు ఉన్న టోర్నీకి టైటిల్ రేటు కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కొత్త టోర్నీ, చిన్న టోర్నీ అయితే మన పేరే దాని పేరయ్యే అవకాశం ఎక్కువ, రేటూ తక్కువ.

అపోహ: రేసు గెలిస్తే సోమవారం షోరూంలో బళ్లు అమ్ముడవుతాయి.

ఇది పాత అమెరికన్ కార్ల కాలం నాటి మాట. మన దగ్గర దీనికి మహీంద్రా కథను మించిన పాఠం నాకు కనిపించలేదు.

మహీంద్రా 2011లో ప్రపంచ స్థాయి బైక్ రేసులైన గ్రాండ్ ప్రీలో 125 సీసీ క్లాసులో అడుగుపెట్టి, తర్వాత దాని స్థానంలో వచ్చిన మోటో3 క్లాసులో కొనసాగింది. 2016లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో ఆ కంపెనీకి తొలి విజయం దక్కింది. గెలిపించిన కుర్రాడు ఫ్రాన్చెస్కో బన్యాయా. 2022, 2023ల్లో డుకాటీ మీద, ఆ రేసుల్లో అన్నిటికంటే పై క్లాసైన మోటోజీపీలో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు అతనే. భారతీయ కంపెనీ ఒకటి ఆ స్థాయిలో గెలవడం చిన్న విషయం కాదు, ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ రేసు చూసి ఉత్సాహపడిన కుర్రాడు మర్నాడు మహీంద్రా షోరూంకి వెళ్తే ఏముంది? సెంచురో, గస్టో, దూరప్రయాణాల కోసం చేసిన మోజో. ట్రాక్ మీద చూసిన బండికి చుట్టమనిపించే బండి ఒక్కటీ లేదు. 2017 సీజన్‌తో కంపెనీ మోటో3 నుంచి తప్పుకుంది.

దీని పక్కన టీవీఎస్‌ని పెట్టి చూడండి. 1982 నుంచి రేసింగ్ జట్టు ఉంది. 1994 నుంచి వన్ మేక్ ఛాంపియన్‌షిప్ ఉంది, అంటే రైడర్లందరికీ ఒకే మోడల్ బండి. ఇప్పుడు అందులో పరుగెత్తేవి అపాచీలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గ్యాలరీలో కూర్చున్న కుర్రాడికి మలుపులో వాలిపోయే బండి ఏదో తెలుసు, ఆ పేరుతో బండి వాళ్ల ఊరి షోరూంలో ఉందనీ తెలుసు. హీరో కూడా 2017లో ఎడారులు, కొండల మీదుగా రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీకి వెళ్లింది, 2019లో ఎక్స్‌పల్స్ 200 తెచ్చింది, దానికి విడిగా ర్యాలీ కిట్ కూడా అమ్మింది. 2024 డకార్‌లో హీరో రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో నిలిచాడు. అతను నడిపింది 450 సీసీ పోటీ యంత్రం, ఎక్స్‌పల్స్‌తో దానికి పోలికే లేదు. అయినా ముందు 21 అంగుళాల చక్రం, పొడుగాటి ఫోర్కు, ఎత్తు సీటు చూడగానే కొనేవాడి మనసులో ఆ రెండూ కలిసిపోతాయి. గెలుపు నుంచి షోరూం దాకా దారి ఉండాలి. ఆ దారి వెయ్యలేని కంపెనీ రేసులకు పెట్టే డబ్బును పరిశోధన ఖాతాలో రాసుకోవడం మంచిది, మార్కెటింగ్ ఖాతాలో కాదు.

ప్రత్యేక రంగుల ఎడిషన్లు కూడా ఈ దారిలో భాగమే. రేసు జట్ల బళ్ల మీద ఉండే హోండా రెప్సాల్ రంగులు, యమహా మాన్‌స్టర్ ఎనర్జీ మోటోజీపీ రంగులు మన షోరూముల్లో స్కూటర్ల మీద కూడా వచ్చాయి. స్టిక్కర్లే కదా అని కొట్టిపారేయకండి. స్పాన్సర్‌షిప్ డబ్బు తిరిగి రాబట్టడానికి ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇంకోటి లేదు.

అపోహ: ఏజెన్సీ ఇచ్చిన మీడియా వాల్యూ రిపోర్టే మనకొచ్చిన లాభం.

సీజన్ అయ్యాక మందపాటి రిపోర్టు వస్తుంది. పెట్టినదానికి ఇన్ని రెట్లు విలువ వచ్చిందని మొదటి పేజీలోనే పెద్ద అంకె ఉంటుంది. అది ఎలా కడతారంటే, మన లోగో తెర మీద ఎన్ని సెకన్లు కనిపించిందో సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది, ఆ సెకన్లను అదే ఛానల్ యాడ్ రేటుతో గుణిస్తారు.

ఒకసారి రిపోర్టు ఒళ్లో పెట్టుకుని మ్యాచ్ రికార్డింగ్ చూడండి. బంతి బౌండరీ వైపు దూసుకుపోతుంటే కెమెరా దాని వెంట తిరుగుతుంది. బోర్డు మీద మన పేరులో సగం కనిపిస్తుంది, మిగతా సగానికి ఫీల్డర్ కాళ్లు అడ్డం. చూసేవాడి కళ్లు బంతి మీద ఉన్నాయి. మైలేజీ, ధర, ఈఎంఐ చెప్పే యాడ్‌కి ఏ రేటో, చాలా రిపోర్టుల్లో ఆ సెకన్లకీ అదే రేటు. లోగో సైజు, స్పష్టత బట్టి విలువ తగ్గించి లెక్క కట్టే పద్ధతులు ఉన్నాయి, అడిగితే ఇస్తారు. అడగండి. ఆ అంకె రెండు టోర్నీలను పోల్చడానికి పనికొస్తుంది, లాభంగా చూపించడానికి పనికిరాదు.

మనకు కావాల్సిన లెక్క షోరూం రిజిస్టర్‌లో ఉంటుంది. చిక్కేమిటంటే, ఎంక్వైరీ ఎలా వచ్చింది అనే గడిలో సేల్స్ కుర్రాళ్లు అందరికీ ‘వాక్-ఇన్’ (తనంతట తానే వచ్చాడు) అని కొట్టేస్తారు. వాళ్ల తప్పు లేదు, శనివారం సాయంత్రం రద్దీలో ఎవరు అడుగుతారు? ఆ ప్రశ్నను టెస్ట్ రైడ్ ఫారానికి మార్చండి. లైసెన్సు చూసి తాళం ఇచ్చే ఆ నిమిషంలో అడిగితే నిజం చెబుతారు. రెండోది, ప్రచారం చేసిన జిల్లాలు కొన్ని, చెయ్యని జిల్లాలు కొన్ని ముందే విడదీసి పెట్టుకోండి. నిరుడు అవే నెలలతో పోల్చండి.

మూడోది మన ప్రాంతానికే ప్రత్యేకం. ఐపీఎల్ అయ్యాక ముప్పై రోజులకే లెక్క మూసేయమని హెడ్డాఫీసు అడుగుతుంది. అప్పటికి ఆషాఢం దగ్గర పడుతుంది. ఎంక్వైరీ రాయించుకున్న కుటుంబం శ్రావణంలో మంచిరోజు చూసుకుని బండి తీసుకుంటుంది. తెలుగు జిల్లాలకు లెక్క శ్రావణం దాకా తెరిచి ఉంచాలని మీ పైవాళ్లతో ముందే రాయించుకోండి.

అపోహ: జట్టుకు స్పాన్సర్ అయితే స్టార్ ఆటగాడు మన బండి మీద కూర్చుంటాడు.

రెండూ వేర్వేరు ఒప్పందాలు. జట్టు స్పాన్సర్‌షిప్‌లో సాధారణంగా ముగ్గురో అంతకంటే ఎక్కువమందో ఆటగాళ్లను జట్టు జెర్సీలో కలిపి చూపించే హక్కే వస్తుంది. ఒక్కణ్ని చూపించాలంటే అతనితో విడిగా మాట్లాడుకోవాలి. టీవీఎస్ విక్టర్‌కి సచిన్, స్టార్ సిటీకి ధోనీ ప్రచారం చేసింది ఆ రకం ఒప్పందాలతోనే.

అపోహ: ఊళ్లో కబడ్డీ పోటీలకు ఇచ్చేది చందా, దానికి లెక్కేమిటి?

ఫ్లెక్సీ కోసం ఇస్తే అది చందానే. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పోటీల ఫ్లెక్సీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైన నాయకుల ఫొటోలు, మధ్యలో నిర్వాహకులు, అడుగున ఎరువుల కొట్టు, బోర్‌వెల్ వాళ్ల మధ్య మన లోగో.

అదే డబ్బుతో గ్రౌండ్ పక్కన షామియానా వేసి ఉచిత సర్వీస్ క్యాంపు పెట్టండి. ఏ కంపెనీ బండైనా సరే చైన్ బిగించి, గాలి చూసి, బ్రేక్ సరిచేసి పంపాలి. ఆ పది నిమిషాల్లో మెకానిక్ చేతిలో పని ఉంటుంది, బండి యజమాని పక్కనే నిలబడి ఉంటాడు. పేరు, ఊరు, బండి కొన్న సంవత్సరం రాసుకుని, ఎక్స్ఛేంజ్‌లో ఎంత వస్తుందో చెబితే చాలు. పండక్కి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు, బండికి డబ్బు కట్టే తండ్రి ఇద్దరూ ఒకే గ్రౌండులో ఉండే రోజులు ఏడాదిలో అవే. ఇద్దర్నీ షోరూంకి కలిపి రప్పించడం ఎంత కష్టమో డీలర్లకు తెలుసు.

ఇంకో మాట. బహుమతులు ఇచ్చేటప్పుడు ఆ ఊరి మెకానిక్‌ని వేదిక ఎక్కించండి. బండి కొనే ముందు ఊళ్లో సగం మంది అడిగేది అతన్నే. మన ఇంజన్ గురించి అతనికి నాలుగు మంచి మాటలు తెలిసుంటే, ఎన్ని హోర్డింగులు పెట్టినా రాని నమ్మకం వస్తుంది.

అపోహ: కుర్రాళ్లకు స్పీడు ఇష్టం, కాబట్టి స్టంట్ షోలకు డబ్బు పెట్టాలి.

రోడ్డు మీద జరిగే దేనికీ పెట్టకండి. పబ్లిక్ రోడ్డు మీద పందేలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి, ట్రాక్, అంబులెన్స్ ఉన్న చోట మాత్రమే మన పేరు ఉండాలి. ఊరి పోటీల్లోనూ గెలిచిన జట్టు హెల్మెట్ లేకుండా ముగ్గురేసి ఎక్కి ఊరేగింపు తీస్తే, ఆ జెర్సీ మీద ఉన్నది మన లోగోనే. బహుమతిగా కప్పుతో పాటు ఐఎస్ఐ హెల్మెట్లు ఇవ్వండి, ఊరేగింపు వద్దని నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి. మన బండి కొన్న కుర్రాడు క్షేమంగా ఇంటికి చేరడం కంటే పెద్ద లెక్క నాకు ఏ రిపోర్టులోనూ కనిపించదు.

అపోహ: ఒప్పందం లాయర్లు చూసుకుంటారు.

లాయర్లకు చట్టం తెలుసు, టూవీలర్ వ్యాపారం మనకు తెలుసు. మనం చూడాల్సినవి ఇవి.

ఫీజుతో ఖర్చు ఆగదు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆ హక్కుల్ని షోరూం దాకా తేవడానికి దాదాపు ఫీజంత డబ్బు విడిగా ఉంచాలన్నది మా రంగంలో పాత లెక్క. అంత లేకపోతే చిన్న హక్కు కొనండి.

‘టూవీలర్ విభాగంలో మరెవరూ ఉండరు’ అని రాస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్ కంపెనీ అందులోకి వస్తుందా రాదా అనేది పేరుపెట్టి రాయించండి. టీవీ ప్రసారం హక్కులు వేరేవాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి, మైదానంలో మన బోర్డు ఉండగా ఓవర్ల మధ్య పోటీ కంపెనీ యాడ్ రావచ్చు. 1996 ప్రపంచకప్‌లో అధికారిక స్పాన్సర్ కోకా కోలా అయితే, ‘నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్’ అంటూ జనం నోళ్లలో నానింది పెప్సీ. ప్రసారంలో యాడ్ టైమ్ కొనే మొదటి అవకాశం మనకే ఉండేలా విడిగా మాట్లాడుకోండి.

చివరగా, పోటీ జరగకపోతే ఏమిటి? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో మోటోజీపీ జరిగింది, 2024లో జరగలేదు. కాబట్టి మొత్తం ఫీజు ముందే కట్టకండి. పోటీ తేదీలకు ముడిపెట్టిన వాయిదాలు, రద్దయితే ఎన్ని రోజుల్లో ఎంత వెనక్కిస్తారో తేల్చిన లైను, ఈ రెండూ కాగితం మీదకి వచ్చేదాకా సంతకం ఆపండి.