మొదటి హీరోలు బొమ్మలే ఎందుకయ్యారు?

మొదటి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ సినిమాకి హీరోలుగా ఆటబొమ్మలే ఎందుకు దొరికాయని ఒక పాఠకుడు అడిగారు. పిల్లల సినిమా కాబట్టి అనేస్తే సరిపోదు, పిల్లలకి కుందేళ్లూ రాకుమారులూ కూడా ఇష్టమే. నన్నడిగితే సగం జవాబు ప్లాస్టిక్‌లో ఉంది. 1995 నవంబరులో పిక్సార్ వాళ్ల 'టాయ్ స్టోరీ' విడుదలయ్యే నాటికి కంప్యూటర్‌కి బాగా చేతనైన పదార్థం అదే.

దీని మూలాలు 1973 నాటి యూటా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫాంగ్ అక్కడ పీహెచ్‌డీ చేస్తూ, వస్తువు మీద ఒక్కో చుక్క ఎంత వెలగాలో లెక్కగట్టే సూత్రం రాశాడు. అందులో నాకు మహా ఇష్టమైనది మెరుపు లెక్క. అద్దం మీదైతే కాంతి తిరిగి ఎటు వెళ్తుందో ఆ దిశకీ, మన కన్నున్న దిశకీ మధ్య కోణం తీసుకోవాలి. దాని కొసైన్‌ని n ఘాతానికి హెచ్చించాలి. n అంటే వస్తువు ఎంత నున్నగా మెరవాలో చెప్పడానికి మనం ఎంచుకునే అంకె. అంతే! కోణం 10 డిగ్రీలనుకోండి. n విలువ 10 అయితే మెరుపు ఇంకా 86 శాతం ఉంటుంది, అంటే వెడల్పాటి మసక మెరుపు, రబ్బరు బంతి. n ని 200 చేస్తే 5 శాతమే మిగులుతుంది. మెరుపు చిన్న చుక్కగా ముడుచుకుని బిలియర్డ్స్ బంతి తయారవుతుంది. ఇంటర్‌లో కాస్ తీటా విలువలు బట్టీ పట్టించే ముందు ఈ రెండు బంతులూ చూపిస్తే ఎంత బాగుండేది!

చిక్కల్లా మెరుపు రంగుతోనే. ఈ పద్ధతిలో మామూలుగా దీపం ఏ రంగైతే మెరుపుదీ అదే రంగు. నిజజీవితంలో అచ్చం అలా మెరిసేది ప్లాస్టిక్. పారదర్శకమైన పదార్థంలో రంగు రేణువులు కలిపితే వచ్చేదే కదా అది. పైపొర నుంచే తిరిగొచ్చే కాంతికి రంగు అంటదు, లోపలికెళ్లి రేణువుల్ని తాకి వచ్చేదానికే అంటుంది. బంగారానికైతే మెరుపు కూడా పసుపే. కుక్, టోరెన్స్ అనే పరిశోధకులు 1982లో ఈ తేడాని లెక్కలతో సహా వివరించి లోహాల సంగతి తేల్చారు.

చర్మం మాత్రం లొంగలేదు. చీకట్లో ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టండి, వేలు ఎర్రగా వెలుగుతుంది. కాంతి ఒకచోట దూరి, లోపల అటూ ఇటూ చెదిరి, ఇంకోచోట బయటపడుతోందన్నమాట. ఎరుపు మిగతా రంగులకన్నా ఎక్కువ దూరం పోతుంది. ఫాంగ్ సూత్రంలో కాంతి తగిలినచోటే తిరిగొచ్చేస్తుంది కాబట్టి ముఖం కాస్తా మాస్కు అయి కూర్చుంటుంది. 1988 నాటి పిక్సార్ లఘుచిత్రం 'టిన్ టాయ్' చూడండి. రేకు బొమ్మ ముచ్చటగా ఉంటుంది, పసిబిడ్డని చూస్తే మాత్రం జడుసుకుంటాం. అయినా ఆ లఘుచిత్రానికి ఆస్కార్ వచ్చింది. 'టాయ్ స్టోరీ'లో మనుషులు ఎక్కువగా పక్కకే ఉండిపోయారు.

2001లో స్టాన్‌ఫోర్డ్ నుంచి జెన్సన్, మార్ష్‌నర్, లెవాయ్, హాన్రహాన్ అనే పరిశోధకులు ఒక ఉపాయం చెప్పారు. లోపల చెదిరే ప్రతి కిరణం వెంటా పరిగెత్తక్కర్లేదు. చర్మం కింద ఒక దీపం, చర్మానికి పైన వెలుగుని తీసివేసే ఒక రుణ దీపం ఉన్నాయనుకుని రెండింటినీ కలిపి లెక్క వేస్తే చాలు. వెన్న తీసిన పాలకీ మామూలు పాలకీ ఉన్న తేడా కూడా వాళ్లు కంప్యూటర్‌తో వేసిన చిత్రాల్లో తెలిసిపోయింది. మరుసటి ఏడాదే 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలో కంప్యూటర్‌తో సృష్టించిన గొల్లమ్ పాత్ర చర్మానికి ఈ తరహా లెక్క వాడారు. 2004లో పిక్సార్ 'ది ఇన్‌క్రెడిబుల్స్' తీసింది. అందులో హీరోలు మనుషులే, కుటుంబం మొత్తం.