కొండలన్నిటికీ ఒక్క ఎమ్మెల్యేనా?

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

పిల్లలూ,

మా మనవరాలు ఐదో తరగతి చదువుతోంది. దసరా సెలవుల్లో వాళ్ళ నాన్నతో కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళొచ్చింది. బొర్రా గుహల గురించి చెబుతుందనుకుంటే, ఇదిగో ఇలా అడిగింది: "తాతయ్యా, మన సిటీలో ఆటోలో అరగంట తిరిగితే ఇద్దరు ముగ్గురు ఎమ్మెల్యేల ఫ్లెక్సీలు కనిపిస్తాయి కదా. అక్కడ రోజంతా తిరిగినా ఒకాయనవే ఉన్నాయి. అన్ని కొండలకీ ఒక్కరేనా?" వాళ్ళ నాన్న ఫోన్ చూసుకుంటూ "జనాభాని బట్టి ఇస్తారమ్మా" అనేశాడు. మాట నిజమే. కానీ దాంతో దాని అనుమానం తీరలేదు. మీలో ఇంకెవరికైనా ఇదే అనుమానం ఉండొచ్చని అందరికీ కలిపి రాస్తున్నాను.

మాది మాడుగుల పక్క, కొండ కిందున్న ఊరు. సంక్రాంతికి ముందు నూర్పులయ్యాక కల్లంలో ధాన్యం కొలిచేవారు. అడ్డ రెండుసార్లు పోస్తే కుంచం, కుంచం నాలుగుసార్లు పోస్తే తూము. కొలిచేవాడు మొదటి కుంచానికి ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. ఒక్కో కుంచానికి ఒక్కో చింతపిక్క పక్కన పెట్టడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నాకు భలే గర్వంగా ఉండేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుందని మా అమ్మ పిలిచినా పలికేవాణ్ణి కాదు.

మాకు చెరువు కింద కొంచెం పల్లం, కొండవారన కొంత మెట్ట ఉండేవి. పల్లంలో నాలుగడుగులు వేస్తే కుంచెడు గింజలు రాలేవి. మెట్టలో చోళ్ళు, అంటే రాగులు, వేసేవాళ్ళం. అక్కడ కుంచెడు గింజలు కావాలంటే ఆ చివర నుంచి ఈ చివరకి వెన్నులు ఏరుకుంటూ తిరగాలి. కానీ కల్లంలోకి వచ్చాక రెండూ కుంచాలే. పొలం ఎంత పెద్దదో కుంచానికి తెలీదు, దానికి గింజలే తెలుసు.

ఎమ్మెల్యే సీటు అలాంటి కుంచం. అది కొలిచేది నేలని కాదు, మనుషుల్ని. ఇప్పుడున్న నియోజకవర్గాల హద్దులు 2008లో గీశారు. దానికి 2001 జనాభా లెక్కలు తీసుకున్నారు. అప్పటికి రాష్ట్రం విడిపోలేదు. జనం సుమారు 7 కోట్ల 62 లక్షలు, సీట్లు 294. పెన్సిల్ తీసి భాగించండి. ఒక్కో సీటుకి దాదాపు 2 లక్షల 59 వేల మంది వస్తారు. అదీ కుంచం కొలత. గింజకి గింజ సమానంగా రాదులెండి. వీలైనంత వరకు మండలాన్ని ముక్కలు చెయ్యకూడదు, కొండా వాగూ చూసుకోవాలి. కాస్త అటూ ఇటూ అవుతుంది.

విశాఖలో అపార్ట్‌మెంట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి నాలుగు వీధులు తిరిగేసరికి కుంచం నిండిపోతుంది. అరకు లోయ నియోజకవర్గం నిండాలంటే అనంతగిరి, అరకు లోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, ఆరు మండలాలు కలపాలి. ఒడిశా సరిహద్దు దాకా వెళ్ళాలి. దాని పక్కనే పాడేరు నియోజకవర్గం. అందులో పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. 2009 ఎన్నికలకి ముందు అరకు లోయ పేరుతో సీటే లేదు. చింతపల్లి పేరుతో ఉండేది, హద్దులు మార్చినప్పుడు అది పోయింది. ఆ చింతపల్లి నుంచి సీపీఐ తరఫున గెలిచిన గొడ్డేటి దేముడు గారి కూతురు మాధవి గారే 2019లో అరకు ఎంపీ అయ్యారు.

ఎంపీ అన్నాను కదా, ఆ సంగతి కూడా చూడండి. అరకు లోక్‌సభ సీటులో ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. ఉత్తరాన పాలకొండ, దక్షిణాన రంపచోడవరం. పాత జిల్లాల లెక్కలో అది నాలుగు జిల్లాల్లో పడుతుంది. నాలుగు జిల్లాల కొండలకి ఒక్క మనిషి! మ్యాప్‌లో వేలు పెట్టి జరపండి, వేలికే అలుపొస్తుంది.

కుంచం పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది. గింజలు నోరు విప్పవు, మనుషులు విప్పుతారు. ఊరికి రోడ్డు లేక జబ్బుపడ్డ మనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్నామనీ, బడికి మాస్టారు రావడం లేదనీ చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే ఎమ్మెల్యే కనబడాలి. మన కాలనీలో అయితే సాయంత్రం నడుచుకుంటూ ఆఫీసుకెళ్ళి కాయితం ఇచ్చి రావచ్చు. ముంచంగిపుట్టు అవతల కొండ మీదున్న మనిషికి ఆ కాయితం ఇవ్వడమే ఒక రోజు కూలి. కొలత సమానమే, మోత సమానం కాదు. నన్నడిగితే, కొండ సీటుకి ఎన్నికైనవారికి జీతం కాదు, జీపులూ మనుషులూ ఎక్కువ ఇవ్వాలి. నన్నెవరూ అడగలేదనుకోండి.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో 175 సీట్లలో 7 గిరిజనులకి, 29 షెడ్యూల్డ్ కులాలవారికి కేటాయించారు. అరకు, పాడేరు గిరిజన సీట్లే. అక్కడ పోటీ చేసేవాళ్ళు గిరిజనులే అయ్యుండాలి, ఓటు మాత్రం అక్కడున్న అందరూ వెయ్యొచ్చు. ఇది ఎందుకని కొందరు పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నా చిన్నప్పుడు కొండ మీంచి అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్ళు తలమీద పెట్టుకుని మా ఊరి సంతకి దిగేవారు. పొద్దున్నే దిగినవాళ్ళని వ్యాపారులు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, చివరికి చెప్పిన ధరకి తీసుకునేవారు. వాళ్ళు మాట్లాడకుండా డబ్బులు కొంగున కట్టుకుని చీకటి పడకముందే కొండెక్కేసేవారు. వాళ్ళ తరఫున వాళ్ళ మనిషే సభలో లేచి అడగాలంటే ఎందుకో, ఆ సంతలో కూర్చున్నవాడికి వేరే చెప్పక్కర్లేదు.

2018 సెప్టెంబర్ 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, ఆయనకి ముందు ఎమ్మెల్యేగా చేసిన సివేరి సోమ గారిని డుంబ్రిగుడ మండలంలో మావోయిస్టులు కాల్చి చంపారు. ఊళ్ళు తిరుగుతుండగానే అది జరిగింది. సభ గడువు ఏడాది కూడా లేదు కాబట్టి ఉప ఎన్నిక పెట్టలేదు. 2019 ఎన్నికల దాకా ఆ ఆరు మండలాల తరఫున అసెంబ్లీలో కుర్చీ ఖాళీ. కుంచం నిండుగానే ఉంది, మోసేవాడు లేడు. మొన్న 2024 మే 13న రాష్ట్రంలో చాలాచోట్ల సాయంత్రం 6 దాకా ఓట్లేస్తే అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే ఆపేశారు. పెట్టెలు కొండ దిగాలి కదా.

ఓటు మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. మీకు 18 నిండితే చాలు. మా రోజుల్లో 21 నిండాలి. 1989లో తగ్గించారు. డిగ్రీ అయిపోయి, మీసాలొచ్చి, అయినా ఓటు లేక బూత్ బయట చింతచెట్టు కింద నిలబడి వచ్చేపోయేవాళ్ళ వేలి మీద సిరా చూసేవాళ్ళం.

పాత కొలత ఇప్పుడు సరిపోవడం లేదు. భీమిలి నియోజకవర్గం తీసుకోండి. ఆనందపురం, పద్మనాభం పల్లెలు అందులోవే, మధురవాడ అపార్ట్‌మెంట్లూ అందులోవే. ఓటర్లు మూడు లక్షలు దాటి చాలాకాలమైంది. అరకులో అంతకంటే లక్ష పైగా తక్కువ. ఒక కుంచం పొర్లిపోతోంది, ఒకటి వెలితిగా ఉంది. 2026 తర్వాత వచ్చే జనాభా లెక్కలతో మళ్ళీ కొలవాలని రాజ్యాంగంలో ఉంది. ఒట్టి తలలే లెక్కపెడితే కొండల మాట తగ్గిపోతుందేమోనని ఒక టెన్షన్. లెక్కపెట్టకపోతే మధురవాడ మనిషి ఓటు తేలికైపోతుంది. దీనికి సరైన జవాబు ఏమిటో పెద్దవాళ్ళే ఇంకా కొట్టుకుంటున్నారు, నేను మధ్యలో తలదూర్చను.

మీరు ఒక పని చెయ్యండి. మీ ఇంటి దగ్గర గవర్నమెంటు స్కూలు గోడ చూడండి. పోలింగ్ స్టేషన్ నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. అక్కడి నుంచి పక్క నంబరున్న గోడ దాకా నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఈసారి అరకో పాడేరో వెళ్ళినప్పుడు వ్యూ పాయింట్ దగ్గర ఫొటోలు అయ్యాక రోడ్డు పక్కన బడి కనిపిస్తే కారాపించి అక్కడా గోడ చూడండి. ఆ పక్క నంబరు ఎక్కడుందో, అక్కడికి ఎలా వెళ్ళాలో ఊళ్ళోవాళ్ళని అడగండి. వాళ్ళు చెయ్యి ఎటు చూపిస్తారో చూసి నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య