వేషం మాటున ధైర్యం

నాలుగేళ్ల పిల్లలకూ ఆరేళ్ల పిల్లలకూ కంప్యూటర్ మీద పది నిమిషాల పని ఒకటి అప్పగించారు. పరమ విసుగు పుట్టించే పని. పక్కనే ట్యాబ్‌లో సరదా ఆట ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లి ఆడుకోవచ్చు. కొందరు పిల్లలు మధ్యమధ్య ‘నేను కష్టపడి పని చేస్తున్నానా?’ అని తమను తాము ప్రశ్నించుకోవాలి. మరికొందరు అదే ప్రశ్నను తమ పేరు పెట్టి అడగాలి. ఇంకొందరు తమకు నచ్చిన వీరుడి వేషం వేసుకుని ‘బ్యాట్‌మాన్ కష్టపడి పని చేస్తున్నాడా?’ అనాలి. మొత్తం 180 మంది పిల్లలతో చేసిన ఈ అధ్యయనం 2017లో వెలువడింది. పనిని అందరికన్నా ఎక్కువసేపు పట్టుకుని కూర్చున్నది వేషం వేసిన పిల్లలే.

వేషంలో ఉన్నప్పుడు మనిషి తన భయానికీ విసుగుకూ కాస్త ఎడంగా నిలబడగలడు. మానసిక చికిత్సలో ఈ సంగతి చాలాకాలంగా తెలిసినదే. అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీ 1955లో ప్రచురించిన గ్రంథంలో ఒక పద్ధతిని వివరించాడు. చికిత్సకు వచ్చిన వ్యక్తి ముందుగా తన గురించి, తనను బాగా ఎరిగిన స్నేహితుడు రాసినట్టుగా రాయాలి. అది చదివి చికిత్సకుడు కొత్త పేరుతో, కొత్త స్వభావంతో ఒక పాత్రను అల్లుతాడు. సుమారు రెండు వారాలు ఆ వ్యక్తి ఇంట్లో, ఆఫీసులో ఆ పాత్రగా మసలుకోవాలి. తర్వాత ఆ పాత్రను వదిలేయవచ్చు. నేను ఇలాగే ఉండి తీరాలన్న నియమమేమీ లేదని అనుభవంలో తెలిస్తే చాలు.

వియన్నాలో వైద్యుడిగా మొదలై అమెరికా చేరిన జేకబ్ మొరేనో ఇంకా ముందే ‘సైకోడ్రామా’ పేరుతో రోగులను వేదిక ఎక్కించాడు. తండ్రితో గొడవపడే కొడుకు తండ్రి పాత్ర వేసి, తన పాత్రలో ఎదుట నిలబడ్డ మరొకరితో మాట్లాడేవాడు. మొరేనో 1974లో మరణించాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రల ఆట అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే.

ఆ ఆటకు వేదిక లేదు, ప్రేక్షకులు లేరు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర ధరించి మాటలతోనే కథ నడుపుతారు. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు. సాహసం ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఈ ఆటను ఇప్పుడు చికిత్సకూ వాడుతున్నారు. అలాంటి బృందంలో అది ఎలా సాగుతుందో ఊహించండి. కొత్తవారితో నోరు విప్పని ఒక కుర్రాడి పాత్ర కోట ద్వారం దగ్గర నిలిచింది. కాపలావాడిని ఒప్పిస్తేనే దారి. అక్కడ థెరపిస్టు కథను కాస్త నెమ్మదింపజేస్తారు. ‘కాపలావాడి ముఖం చూస్తే ఏమనిపిస్తోంది? కోపంగా ఉన్నాడా, అలసిపోయాడా?’ కుర్రాడు ఆలోచించి ఒక మాట అంటాడు. పాచిక తిరగబడుతుంది, కాపలావాడు పొమ్మంటాడు. అవమానం పాత్రకు జరిగింది. పక్కనున్నవారు వేరే ఉపాయం అందిస్తారు, ఆట ఆగదు. నా దృష్టిలో అసలు మందు ఇక్కడే ఉంది: కాదనిపించుకోవడం, ఆ తర్వాత కూడా బల్ల దగ్గరే కూర్చోగలగడం.

1980లలో అమెరికాలో ఈ ఆట పిల్లలను ఆత్మహత్యలకూ క్షుద్రపూజలకూ పురికొల్పుతోందని పెద్ద అలజడి రేగింది. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. పైగా 1994లో వేన్ బ్లాక్‌మన్ అనే మానసిక వైద్యుడు, ఆత్మహత్యకు ప్రయత్నించిన ఒక యువకుడి చికిత్సకు ఇదే ఆట ఎలా తోడ్పడిందో వైద్య పత్రికలో రాశాడు. తన భావాల గురించి నేరుగా మాట్లాడలేని ఆ యువకుడు ఆటలోని సంఘటనల ద్వారా వాటి దగ్గరకు రాగలిగాడు. నేడు అమెరికాలోని ‘గేమ్ టు గ్రో’ వంటి సంస్థలు ఆటిజం ఉన్న పిల్లలకూ, నలుగురిలో కలవడానికి జంకే పిల్లలకూ ఇలాంటి బృందాలు నడుపుతున్నాయి.

అయితే ఆట ఆడితేనే చికిత్స అయిపోతుందన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను. ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్న బృందాలతో చేసినవే. పైగా పాత్ర దుఃఖం ఆటగాడికీ అంటుకుంటుంది. తండ్రిని పోగొట్టుకున్నవారికి కథలో తండ్రి చావు ఎదురైతే, అది కథగా మిగలకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఏయే విషయాలు కథలోకి రాకూడదో ముందే అడిగి తెలుసుకుంటారు. ఎవరైనా మధ్యలో ఒక కార్డు తాకితే, కారణం అడగకుండానే ఆ ఘట్టాన్ని వదిలేస్తారు. ఆట ముగిశాక ఒక్కొక్కరూ పాత్ర పేరు వదిలి సొంత పేరుతో మాట్లాడతారు: నా పాత్ర చేసిన ఏ పని నేనూ చేయగలను? ఈ వారం బడిలో దాన్ని ఎవరి దగ్గర ప్రయత్నించగలను?