బావి కలకబారితే

చెన్నై

చిరంజీవులు సాహితికి, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

హాల్లోని పాత ఫొటోలో మీ ముత్తాతగారి భుజం మీద ఒక చెయ్యి ఉంది, ఆ చెయ్యి తాలూకు మనిషి ఏడని సాహితి అడిగింది. ఆయన ముత్తాతగారి తమ్ముడు, నాకు బాబాయి. ఫ్రేము కట్టించేటప్పుడు ఆ వైపు కత్తిరించేశారు. మా అత్తకు సంబంధాలు చూస్తున్న రోజులవి. పెళ్లివారు వస్తే బాబాయిని వెనక గదిలో పెట్టి గొళ్లెం వేసేవారు. ఆయన రాత్రుళ్లు నిద్రపోడు, తనలో తానే మాట్లాడుకుంటాడు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. కొట్టించినవాళ్లు రాక్షసులేమీ కారు. ఆ పూటే నానమ్మ ఆయనకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

పెరంబూరులోని ఆ ఇంటి పెరట్లో బావి ఉండేది. కార్తీకమాసపు వానలకు నీళ్లు ఎర్రగా కలకబారేవి. నానమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే తెల్లారేసరికి మట్టి అడుక్కు దిగి నీరు తేటపడేది. అది చాలని ఏడాది పూడిక తీసేవాళ్లను పిలిచేవారు. పిల్లలం ఆ బురదలో పోయిన గోళీలు వెతుక్కునేవాళ్లం. బావి పాపం చేసిందని ఎవరూ అనలేదు. చుట్టాలొస్తే దాని మీద బండ మూసి, మాకు బావే లేదని చెప్పలేదు. మనసూ అలాగే కలకబారుతుంది. మందులు చిల్లగింజ, ఓపికగా మాట్లాడించే డాక్టరు పూడిక తీసే మనిషి. కొన్ని బావులు ఏం చేసినా కాస్త ఉప్పగానే ఉంటాయి, కొబ్బరిచెట్లకు ఆ నీళ్లే చాలు. ఇంకా లాగితే చేంతాడు తెగేలా ఉంది, ఆపుతాను.

మన ఊళ్లో మానసిక రోగులకు మొదటి ఆశ్రయం 1794లో వెలిసింది. 1871లో అది ఊళ్లోనే ఉన్న కీల్పాక్ అనే పేటకు మారింది. ఆ 1794లోనే స్పెయిన్ చిత్రకారుడు గోయా అటువంటి చోటునే బొమ్మగా వేశాడు: ఎత్తయిన గోడల మధ్య ఇద్దరు బట్టల్లేకుండా కలబడుతుంటే కాపలావాడు వాళ్లను కొడుతున్నాడు. పెద్ద జబ్బు చేసి చెవుడు వచ్చాక వేసిన బొమ్మ అది. అందుకేనేమో, వాళ్లను చూసి నవ్వమనడు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ ఎవరినైనా వెక్కిరించాలంటే కీల్పాక్ పేరెత్తుతారు. కార్తీక్, నువ్వు ఆ పని చేయకు.

ఇదంతా ఎప్పటి మాటో అనుకోకండి. 2001లో మన రాష్ట్రంలోనే ఏర్వాడి అనే ఊళ్లో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది పోయారు. రోగిని గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం స్పష్టంగా చెబుతోంది.

మనవాళ్లు దాచారు. లండన్‌లో ఒకప్పుడు బెడ్లాం అనే మానసిక రోగుల ఆసుపత్రికి జనం వినోదానికి వెళ్లి రోగులను చూసి వచ్చేవారు. దాచడానికీ ఎగబడి చూడడానికీ వెనక ఉన్న భయం ఒక్కటేనని నాకనిపిస్తుంది. హోగార్త్ అనే చిత్రకారుడు 1735లో అచ్చువేసిన ఎనిమిది బొమ్మల వరుసలో చివరిది ఆ ఆసుపత్రే. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో వెతికి చూడండి. రోగుల సంగతి తర్వాత, ముందు ఖరీదైన బట్టలు కట్టుకుని చూడవచ్చిన ఇద్దరు స్త్రీలను పట్టుకోండి. వాళ్లలో విసనకర్ర ఎవరి చేతిలో ఉంది, ఆమె దాన్ని దేనికి అడ్డం పెట్టుకుంది, రెండో ఆమె ఏం చేస్తోంది? ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి, ఒకరిది చూసి ఒకరు రాయకూడదు.

మీ తాతయ్య