ముసురు పట్టిన చలికాలం: ఒళ్లూ, ఇల్లూ, వెలుతురూ

మైనస్ 5 డిగ్రీల పొడి చలిలో గంటసేపు హాయిగా నడిచొచ్చే మనిషే 5 డిగ్రీల వానలో కాసేపటికే గజగజ వణికిపోతాడు. థర్మామీటరును నమ్ముకుంటే ఇది తలకిందుల లెక్క. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయని గుర్తొస్తే లెక్క సరిపోతుంది. స్వెట్టరైనా బొంతైనా మనల్ని వెచ్చగా ఉంచేది దారాల మధ్య చిక్కుకున్న గాలి వల్లే. బట్ట తడిస్తే ఆ గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. అంతటితో పోదు. 100 గ్రాముల నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 58 కిలోకేలరీల వేడి కావాలి, ఒంటిమీద ఆరే బట్టల విషయంలో అందులో పెద్ద వాటా ఒంటి నుంచే పోతుంది. తడిసి ముద్దయిన నూలు చొక్కా, ప్యాంటు కలిసి అరలీటరు నీళ్లు పట్టి ఉంచడం పెద్ద విశేషమేమీ కాదు.

అందుకే తడిసి ఇంటికొచ్చాక ముందు బట్టలు, ఆ తర్వాతే హీటరు, వేడివేడిగా తాగేదేదైనా. తడి బట్టల్తోనే హీటరు ముందు కూర్చుంటే ఆ వేడిలో చాలా భాగం బట్టలు ఆరడానికే ఖర్చవుతుంది. మద్యం తాగితే వెచ్చగా అనిపించేది చర్మం కింది రక్తనాళాలు వెడల్పవడం వల్ల. అంటే లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. వణుకుతున్న మనిషి మాట ముద్దగా వస్తున్నా, అడుగు తడబడుతున్నా, ముఖ్యంగా ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా అది అత్యవసర పరిస్థితి. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి జారిన లక్షణాలవి. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకుండా, వేడినీళ్ల స్నానం చేయించకుండా, పొడి దుప్పట్లు చుట్టి వెంటనే వైద్యసాయం పిలవాలి.

బయటికి వెళ్లేటప్పుడు ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చూసుకోవాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తెలియదు. సింథటిక్ బట్ట అంత పీల్చుకోదు గానీ త్వరగా ఆరుతుంది. పైన వేసుకునే రెయిన్ జాకెట్ విషయంలో ఎక్కువమంది పడే పొరపాటు ఒకటుంది. లోపల తడి తగలగానే "ఇది కారుతోంది" అని కొత్తది కొనేస్తారు. చాలాసార్లు ఆ తడి వాననీళ్లది కాదు, చెమటది. జాకెట్ పైబట్ట మీద నీటిని జారవిడిచే పూత అరిగిపోతే, బట్ట నీళ్లు పీల్చుకుని లోపలి చెమట ఆవిరిని బయటికి పోనివ్వదు. నాలుగు చుక్కలు చల్లి చూడండి. బొట్లు గుండ్రంగా నిలిచి దొర్లిపోతే పూత బాగున్నట్టు, బట్ట ముదురు రంగుకు తిరిగితే అరిగినట్టు. లేబుల్ మీద రాసినట్టు ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో తక్కువ వేడి మీద తిప్పితే కొంత తిరిగొస్తుంది. అప్పటికీ రాకపోతే పూత స్ప్రే కొట్టాలి. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా ఉండేలా వేసుకోవడం మేలు. పది నిమిషాల్లో ఒళ్లే వేడెక్కుతుంది.

పాదాలకైతే గడ్డకట్టే చలి కూడా అక్కర్లేదు. 15 డిగ్రీల్లో అయినా గంటల తరబడి తడి బూట్లలో నానితే నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయి. సంచిలో ఒక పొడి సాక్సుల జత ఉంటే చాలు, సగం గండం గడిచినట్టే. తడిసిన బూట్లలోంచి ముందు అడుగున పరిచిన అట్ట తీసేయండి. న్యూస్‌పేపరు ఉండలు చుట్టి ముందు కొస దాకా కూరండి. గంటకు ఆ కాగితం నాని మెత్తబడుతుంది, తీసి పొడివి పెట్టండి. మరో రెండు గంటలకు ఇంకోసారి. హీటరుకు ఆనించి పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది, అడుగు అతికించిన జిగురు ఊడుతుంది.

ఇక ఇల్లు. వాన కురుస్తుంటే కిటికీలు తీస్తే చెమ్మ లోపలికొస్తుందని చాలామంది బిగించుకు కూర్చుంటారు. చలికాలపు వానలో ఇది తప్పు. గాలి ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ నీటి ఆవిరిని పట్టగలదు. 5 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో పట్టేది 6.8 గ్రాములే, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములకు పైనే. బయట తేమ 100 శాతం ఉన్నా సరే, ఆ గాలి ఇంట్లోకొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని తేమ 40 శాతం లోపుకి పడిపోతుంది. అంటే ముసురులో కూడా బయటి గాలి ఇంటిని ఆరబెడుతుంది. దీనికో షరతుంది: లోపల వెచ్చగా, బయట చల్లగా ఉండాలి. వేడి చేయని ఇంట్లో ఫలితం అంతంతే. ఉక్కపోసే వానాకాలానికి ఈ సూత్రం అసలు వర్తించదు.

ఎదురెదురు కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. గాలి మారుతుంది గానీ గోడల్లో, సామాన్లలో దాగిన వేడి పోదు కాబట్టి గది మళ్లీ త్వరగా వెచ్చబడుతుంది. రోజంతా కిటికీని సందుగా వదిలేస్తే మాత్రం దాని చుట్టూ గోడ చల్లబడి, సరిగ్గా అక్కడే బూజు పడుతుంది. 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గదిలో 12 డిగ్రీలకు చల్లబడిన ఏ చోటైనా నీటి బొట్లు కడతాయి. బూజుకు బొట్లు కూడా అక్కర్లేదు, గోడను తాకే గాలిలో తేమ రోజుల తరబడి 80 శాతం దాటితే చాలు. గది వేడి అందక గోడ చల్లగా ఉండే బీరువా వెనక మొదట పట్టేది ఇందుకే. బయటి గోడకు ఆనుకున్న బీరువాను 5 నుంచి 10 సెంటీమీటర్లు ముందుకు జరపండి. ఒక విడత ఉతికిన బట్టలు ఆరుతూ దాదాపు 2 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతాయి. వాటిని ఒకే గదిలో, తలుపు మూసి, కిటికీ తీసి లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఆరబెట్టాలి. మెషీన్లో ఇంకోసారి స్పిన్ తిప్పితే పని కొంత తగ్గుతుంది.

తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి ఉంటే ఊహలతో పనిలేదు. 40 నుంచి 60 శాతం మధ్య ఉంచితే చాలు. చవక రకాలు పదేసి శాతం తప్పు చూపించడం మామూలే, కాబట్టి కొన్నాక ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా అయ్యేన్ని నీళ్ల చుక్కలు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే ఇకపై 5 కలుపుకుని చదవండి. బూజును శుభ్రం చేసేటప్పుడు బ్లీచ్‌ను ఆమ్లంతోగానీ అమ్మోనియాతోగానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువులు పుడతాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడమూ అంతే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ముందు బయటికి పరుగెత్తాలి. జలుబు విషయానికొస్తే, దాన్ని తెచ్చేది వైరస్, తడిసిన తల కాదు. తలుపులు బిగించిన గదుల్లో గుంపుగా కూర్చోవడమే దానికి పండగ.

మనసు దిగులుగా ఉండటానికి మాత్రం చెమ్మ కంటే వెలుతురు లేకపోవడమే పెద్ద కారణం. దీపాలన్నీ వేసినా మామూలు గదిలో వెలుగు 100 నుంచి 300 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం). మబ్బు కమ్మిన మధ్యాహ్నం బయట వేలల్లో ఉంటుంది. కనుపాప విప్పారి సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, నిద్రనూ మెలకువనూ నడిపే మెదడులోని గడియారానికి తెలుస్తుంది. దానికి కబురందించే ప్రత్యేక కణాలు రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో ఉన్నాయని 2002లో తేలింది. ఏటా చలికాలంలో వచ్చే కుంగుబాటును 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోజెంథాల్ బృందం వర్ణించింది. అతినిద్ర, తీపి, పిండి పదార్థాల మీద యావ, ఒళ్లంతా బరువుగా ఉండటం దాని గుర్తులు.

నిద్ర లేచిన గంట రెండు గంటల్లోపు అరగంట బయట నడవడం మొదటి మందు, వాన తుంపరలో అయినా సరే. కుదరనివారికి 10,000 లక్సుల లైట్ బాక్సు ఉంది. పొద్దున 20 నుంచి 30 నిమిషాలు, కళ్లు తెరిచే ఉంచి, దీపం వైపు తేరిపార చూడకుండా, కాస్త పక్కగా పెట్టుకోవాలి. పెట్టె మీద రాసిన 10,000 ఎంత దూరానికో చదవండి. దూరం రెట్టింపైతే వెలుగు చాలా పడిపోతుంది, కొన్నిట్లో నాలుగో వంతు దాకా. ఫలితం కనబడలేదని వదిలేసేవారిలో చాలామంది చేసే తప్పు ఇదే. సాయంత్రం వాడితే రాత్రి నిద్ర చెడుతుంది. బైపోలార్ సమస్యగానీ రెటీనా జబ్బుగానీ ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఈ దీపం విటమిన్ డి ఇవ్వదు, మూసిన కిటికీ అద్దం గుండా వచ్చే ఎండా ఇవ్వదు. ఆ లోటుకు పెద్దలకు రోజుకు 600 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) సరిపోతుంది, 70 ఏళ్లు దాటితే 800. సొంతంగా 4,000 దాటొద్దు. దీపం పనిచేసేదైతే రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. తెలియకపోతే, లేదా బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే ఆ రెండు వారాలు కూడా ఆగకుండా వైద్యుణ్ని కలవాలి. దీనికి మందులూ, కౌన్సెలింగూ రెండూ పనిచేస్తాయి.